సున్నా చుట్టిన ఆయన ఏం విన్నాడు?

1962 జనవరి 18 నాటి ‘డౌన్‌బీట్’ అనే అమెరికన్ జాజ్ పత్రిక సంచికలో ఒకే రికార్డు మీద రెండు సమీక్షలు అచ్చయ్యాయి. పీట్ వెల్డింగ్ ఐదుకి ఐదు స్టార్లు వేశాడు. జాన్ టైనన్ సున్నా చుట్టాడు. ఆ రికార్డు పేరు ‘ఫ్రీ జాజ్’, చేసినవాడు అమెరికన్ శాక్సొఫోను వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్.

స్టార్ల లెక్క మనకేం కొత్త కాదు. సినిమా విడుదలైన రోజు మ్యాట్నీ పడకముందే రెండూ ముప్పావు వేసేసే సమీక్షలు చదివే జనం మనం. రెండూ ముప్పావు అంటే ఏమిటో చదివినవాడికీ తెలియదు, వేసినవాడికీ తెలియదు. నిర్మాతకి కోపం రాదు, టికెట్టు కొన్నవాడు తిట్టుకోడు. కర్ర విరగదు, పాము చావదు. ఆ రేటింగులకి అలవాటుపడ్డ కంటికి డౌన్‌బీట్ పేజీ చూస్తే ముచ్చటేస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే 37 నిమిషాలు విని చెరో చివరన నిలబడ్డారు. సంపాదకులు ఇద్దరినీ కూర్చోబెట్టి మూడు దగ్గర రాజీ కుదర్చలేదు.

జాజ్ చరిత్ర చెప్పేవాళ్ళ నోట్లో మాత్రం ఈ ముచ్చట నీతికథ అయిపోయింది. ఒక మేధావి కాలం కంటే ముందు నడిచాడు, ఒక మందబుద్ధి విమర్శకుడికి ఎక్కలేదు, చివరికి కాలమే తీర్పు చెప్పింది. ఇవాళ టైనన్ పేరు ఎవరికైనా గుర్తుందంటే ఎక్కువగా ఆ సున్నా పుణ్యమే. నాకు ఈ కథ మీద చాలా కాలంగా చిరాకు. టైనన్‌ని వెనకేసుకు రావాలని కాదు. ఆయన రాసినదాంట్లో మెత్తగా వదిలేయకూడని మాటలున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. కానీ ఆ సమీక్షలో ఒక అసలైన ప్రశ్న ఉంది. రికార్డు అట్ట మీద ‘సామూహిక ఆశువాదనం’, అంటే అందరూ కలిసి అప్పటికప్పుడు అల్లి వాయించడం, అని రాసుకున్నారు కదా, ఆ సామూహికం ఎక్కడుందయ్యా అని అడిగాడాయన. సున్నాని చూసి నవ్వుకున్నవాళ్ళు ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం మర్చిపోయారు. నా మటుకు ఆ ప్రశ్న సరైనదే. ఆయన చెప్పుకున్న జవాబే పూర్తిగా తలకిందులు.

ముందు రికార్డు సంగతి చూద్దాం. 1960 డిసెంబర్ 21న న్యూయార్క్‌లోని ఏ అండ్ ఆర్ స్టూడియోలో ఎనిమిది మంది చేరారు. అట్లాంటిక్ కంపెనీ, నిర్మాత నెసుహి ఎర్టెగన్, రికార్డింగు ఇంజనీరు టామ్ డౌడ్. ఎనిమిది మందిని నలుగురు చొప్పున రెండు జట్లు చేశారు. స్టీరియోలో ఎడమ పక్కన ఆర్నెట్ ఆల్టో శాక్సొఫోను, డాన్ చెర్రీ పాకెట్ ట్రంపెట్, స్కాట్ లఫారో బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం), బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్స్. కుడి పక్కన ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్, ఫ్రెడీ హబర్డ్ ట్రంపెట్, చార్లీ హేడెన్ బేస్, ఎడ్ బ్లాక్‌వెల్ డ్రమ్స్. పియానో లేదు, గిటారు లేదు. ఆపకుండా 37 నిమిషాలు వాయించారు. ఎల్పీ కోసం ఆ ముక్కని రెండు పక్కలకీ పంచాల్సి వచ్చింది. అట్టకి ముందువైపు ఒక చిన్న కిటికీ కోశారు, అందులోంచి జాక్సన్ పొలాక్ 1954లో వేసిన ‘వైట్ లైట్’ బొమ్మ తునక కనిపిస్తుంది, తెరిస్తే బొమ్మంతా. రికార్డు 1961లో బజారులోకి వచ్చేసరికి లఫారో లేడు. ఆ జూలైలో కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్ళవాడు.

డాల్ఫీ సంగతి చెప్పకపోతే నాకు తోచదు. అదే డిసెంబర్ 21న ఆయన న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ‘ఫార్ క్రై’ అనే ఇంకో మొత్తం రికార్డు చేశాడు, బుకర్ లిటిల్‌తో కలిసి. దాంట్లో పియానో ఉంది, పాత పాటలున్నాయి, కార్డ్‌లన్నీ, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులన్నీ, ఉన్నాయి. ఒకే రోజు రెండు లోకాల్లో తిరిగిన మనిషిని పట్టుకుని, వీడికి సంగీతాన్ని కూల్చడం తప్ప ఇంకేం తెలియదనడం ఎంత అన్యాయమో చూడండి.

ఆర్నెట్ 1930లో టెక్సస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లో పుట్టాడు. బ్లూస్ బ్యాండ్లు, డాన్స్ హాళ్ళు, ఊరూరా తిరుగుడు. 1949లో లూయిజియానాలో ఒక డాన్స్ దగ్గర జనం ఆయన్ని చితకబాది, శాక్సొఫోను విరగ్గొట్టారు. తర్వాత లాస్ ఏంజెలిస్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో లిఫ్టు నడిపే పని చేస్తూ, ఖాళీ దొరికితే సంగీత సిద్ధాంతం పుస్తకాలు చదివేవాడు. మామూలు శాక్సొఫోను కొనే స్తోమత లేక తెల్ల ప్లాస్టిక్‌ది కొన్నాడు. దాని మోతలో ఒక పొడితనం ఉంటుంది, గొంతు పట్టేసిన మనిషి ఏడ్చినట్టు. 1959 నవంబరులో న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో దిగాడు. ఊరంతా అక్కడికే వచ్చింది. ఆర్కెస్ట్రా నడిపించే లియొనార్డ్ బెర్న్‌స్టీన్ మెచ్చుకున్నాడు. మైల్స్ డేవిస్, వాడి లోపల ఏదో మెలికపడిందన్న అర్థంలో మాట్లాడాడు. రాయ్ ఎల్డ్రిడ్జ్ తాగీ విన్నాడట, తాగకుండానూ విన్నాడట, ఇదంతా టోకరా అని తేల్చాడు. ఈ చివరి ఇద్దరూ విమర్శకులు కారు, వాయిద్యకారులే, అదీ మామూలువాళ్ళు కారు. ‘విమర్శకులకి అర్థంకాని కళాకారుడు’ అనే కథకి ఇదొక అడ్డం. ఆర్నెట్‌ని ఎక్కువగా నొప్పించిన మాటలు కొన్ని సాటివాళ్ళ నోటినుంచే వచ్చాయి.

ఇంతకీ ఆయన చేసిందేమిటి? అప్పటి జాజ్‌లో ఒక పాట ఉంటుంది, దాని కింద పన్నెండో ముప్పై రెండో బార్ల (తాళంలో ఆవర్తాల్లాంటివి) కార్డ్‌ల వరస ఉంటుంది. పాట వాయించాక ఆ వరస తిరుగుతూనే ఉంటుంది, సోలో వాయించేవాడు దానిమీద అల్లుకుంటూ పోతాడు. ఆర్నెట్ ఆ తిరిగే వరసని తీసేశాడు. పాట ఉంచాడు, లయ ఉంచాడు, బ్లూస్ ఏడుపు ఉంచాడు. కార్డ్ మారింది కాబట్టి స్వరం మార్చాలన్న నిర్బంధం మాత్రం లేదు. ఇక స్వరస్థానాల సంగతి. ‘శాంతి’ అన్న పాటలో ఎఫ్ స్వరమూ ‘దుఃఖం’ అన్న పాటలో ఎఫ్ స్వరమూ ఒకేలా మోగకూడదని ఆర్నెట్ అనేవాడు. పియానో మెట్లకి అలవాటైన చెవికి ఇది శ్రుతి తప్పడం. కచేరీలు వింటూ పెరిగిన చెవికి ఇందులో వింతేముంది? తోడిలో ఉన్నదీ ఖరహరప్రియలో ఉన్నదీ పేరుకి ఒకే సాధారణ గాంధారం. పాడి చూడండి, ఆ రెండూ ఒకటేనని ఒట్టేయమంటే ఎవరూ వేయరు. కర్ణాటక సంగీతానికీ ఆర్నెట్‌కీ చుట్టరికం కలపడం నా ఉద్దేశం కాదు. అలాంటి పెళ్ళిసంబంధాలు మనవాళ్ళు చాలానే కలిపారు, ఏదీ నిలబడలేదు. నేనన్నది చెవి సంగతి ఒక్కటే. ఆయనకి ‘శ్రుతి తెలియదు’ అన్న తిట్టు మనకి అంత సులువుగా ఎక్కకూడదు.

సరే, రికార్డు పెడదాం. ఫోను స్పీకర్లో వినకండి, బాబ్బాబూ. రెండు జట్లూ ఒకే రంధ్రంలోంచి వస్తే, ఎవడికి వాడే వాయిస్తున్నాడని టైనన్ చెప్పినదే నిజమనిపిస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

మొదట ఒక్కసారిగా గిలగిల. ఊదేవాళ్ళు నలుగురూ ఎవరి దారిన వాళ్ళు పరుగెడతారు, కొన్ని క్షణాలే. వెంటనే అందరూ ఆగి, సాగదీసిన స్వరాలు కలిపి పట్టుకుంటారు. ఒకే స్వరం కాదు, తలా ఒకటి, కానీ కలిసి కదులుతాయి. ఆర్నెట్ ముందుగా రాసి ఇచ్చినది ఇలాంటి చిన్న చిన్న ముక్కలే. ఒక్కో సోలోకి ముందు ఒక ముక్క వస్తుంది, అది ద్వారబంధం లాంటిది, దాటాక లోపల ఎవరిష్టం వాళ్ళది. మొదట డాల్ఫీ దిగుతాడు. బేస్ క్లారినెట్ అడుగునుంచి పైకి ఎగబాకి, అక్కడ పక్షిలా అరిచి, మళ్ళీ దబ్బున పడుతుంది. వెనకాల మిగతావాళ్ళు ఊరుకోరు. ఎవరో ఒక చిన్న మాట విసురుతారు, ఇంకొకరు దాన్ని పట్టుకుంటారు.

తర్వాత హబర్డ్. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, బ్రహ్మాండమైన పనితనం. ఆయన వాయిస్తుంటే కింద కార్డ్‌లు లేవన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదేమో అనిపిస్తుంది. అలవాటైన మలుపుల దగ్గరే మలుపు తిరుగుతాడు. ఇది తప్పని నేననను, నాకు ఆ ఇబ్బందే ఇష్టం. కొత్త ఇంట్లో చీకట్లో పాత ఇంటి స్విచ్చు కోసం గోడ తడుముతున్నట్టుంటుంది.

ఆర్నెట్ సోలో తొమ్మిదిన్నర నిమిషాల దాకా సాగుతుంది, మొత్తంలో అదే పెద్దది. ఈ రికార్డు విన్న ప్రతిసారీ నేను ఆగేది ఇక్కడే. ఆయన ఒక పొట్టి పదం వాయిస్తాడు, టెక్సస్ డాన్స్ హాల్లో జనం చప్పట్లు కొట్టే రకం పదం. దాన్ని మళ్ళీ కొంచెం వంచి వాయిస్తాడు. వెనకాల ట్రంపెట్లకి అది దొరుకుతుంది. బేస్ క్లారినెట్ కిందనుంచి గిల్లుతుంది. చూస్తుండగానే ఆ పదం వెనకాల రిఫ్, అంటే పదేపదే తిప్పి వాయించే పొట్టి ముక్క, అయిపోతుంది. ముప్పైల్లో కాన్సస్ సిటీ బ్యాండ్లలో సోలో వాయించేవాడి వెనకాల మిగతావాళ్ళు అప్పటికప్పుడు అల్లేవాళ్ళే, అచ్చం ఆ పద్ధతి. ఎవరూ రాసివ్వలేదు, చెయ్యి ఊపి పిలవలేదు. కాసేపటికి అది తనంతట తనే విడిపోతుంది. సామూహికం ఎక్కడుంది అని అడిగిన మనిషికి వేలుపెట్టి చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అడుగున జరుగుతున్నది కూడా వినండి. మొదటినుంచీ చివరిదాకా స్వింగ్, అంటే జాజ్ లయలోని ఆ ఊగే నడక, ఆగదు. బ్లాక్‌వెల్ జాజ్ పుట్టిన న్యూఆర్లీన్స్ మనిషి, ఆయన డ్రమ్ముల్లో ఆ ఊరి వీధి ఊరేగింపుల నడక ఉంది. హిగ్గిన్స్ సింబల్ మీద నవ్వుతూ వాయిస్తున్నట్టుంటుంది. హేడెన్ నిలకడగా నడుస్తుంటే లఫారో పైకెగిరి గిటారులా గలగలలాడతాడు. ఇద్దరూ ఒంటరిగా మిగిలే చోట, మూడింట రెండు వంతులు దాటాక, హేడెన్ బరువూ లఫారో చురుకూ చెరో చెవిలో స్పష్టంగా తెలుస్తాయి. లఫారో ఇక ఏడు నెలలు కూడా బతకలేదన్న సంగతి తెలిసి వింటే వేరేలా ఉంటుంది, కానీ తెలియకుండా విన్నా ఆ కొన్ని నిమిషాలు బావుంటాయి.

ఇప్పుడు టైనన్ సమీక్ష పక్కన పెట్టుకుని చూద్దాం. ఎవడికి వాడే అన్న ఎనిమిది మంది గుంపు ఇది, నియమాలు గాలికొదిలేశారు అన్నాడు. భావోద్వేగాల వాంతి అన్నాడు. సామూహికం అనడానికి ఆనవాలు ఒక్కటే, ఈ ఎనిమిది మంది వినాశవాదుల్నీ ఒకే స్టూడియోలో ఒకే వేళకి చేర్చడం అన్నాడు. తమని కన్న సంగీతాన్నే చంపడం వీళ్ళ పని, ఆ ప్రయత్నానికి మాత్రం పూర్తి మార్కులు వేయండి అని ముగించాడు. వాక్యం కొరడాలా ఉంటుంది, ఒప్పుకోవాలి. కోపంతో రాసినవాడికి వచనం బాగా కుదరడం లోకంలో ఉన్నదే.

కానీ పప్పులో కాలేశాడు. నియమాలు లేకపోవడం కాదు ఈ రికార్డు ఇబ్బంది. నియమాలు ఎక్కువ. లెక్క చూడండి: డాల్ఫీ, హబర్డ్, ఆర్నెట్, చెర్రీ, హేడెన్, లఫారో, బ్లాక్‌వెల్, హిగ్గిన్స్. ఊదేవాళ్ళు ముందు, బేసులు తర్వాత, డ్రమ్ములు ఆఖరున. ఒకరి తర్వాత ఒకరు వరసలో వచ్చి వంతు తీర్చుకుని వెళ్తారు. ఇది ఏ శనివారం రాత్రి జామ్ సెషన్లోనైనా, అంటే వాద్యకారులు సరదాగా చేరి వాయించుకునే చోటైనా, ఉండే వరసే. దాంట్లో పెద్దాచిన్నా కూడా అలాగే ఉన్నాయి. నాయకుడికి తొమ్మిదిన్నర నిమిషాలు, డ్రమ్ములవాళ్ళకి చెరో నిమిషం, పైన కొన్ని సెకన్లు. కార్డ్‌ల వరసని తీసి అవతల పారేసిన మనిషి వంతుల వరసని ముట్టుకోలేదు. అందరూ కలిసి సమానంగా వాయించే చోట్లు, అంటే సోలోల మధ్య వచ్చే ఆ ముక్కలు, ఒక్కోటీ కొద్ది సెకన్లలో అయిపోతాయి. నిజంగా సామూహికం అనదగ్గది సోలో వెనకాల నేపథ్యంలో జరుగుతుంది, ముందు వరసలో కాదు. అందుకే టైనన్ ప్రశ్న నిలబడుతుందంటాను. ఇందులో సామూహికం పేరుకి తగ్గంత లేదు. ఆయన అనుకున్నట్టు ఎవడికి వాడే కొట్టుకోవడం వల్ల కాదు, మరీ బుద్ధిగా వంతులు పాటించడం వల్ల.

వెల్డింగ్ ఐదు స్టార్లు కూడా నాకు పూర్తిగా మింగుడుపడవు. ఇది సంప్రదాయాన్ని తెంచుకోవడం కాదు, స్వింగ్ యుగంలో పెద్ద బ్యాండ్లు వచ్చాక మరుగునపడ్డ దాన్ని తిరిగి తేవడం, అందరూ కలిసి అప్పటికప్పుడు అల్లడమనే దాన్ని, అని ఆయన వాదన. తెలివైన వాదన. బ్లాక్‌వెల్ అక్కడే ఉన్నాడు కాబట్టి న్యూఆర్లీన్స్ చుట్టరికం ఉట్టిమాట కూడా కాదు. అయితే ఆ పాత ఊరి సంగీతంలో ఎవరి పని వాళ్ళకుండేది. కార్నెట్ పాటని మోస్తుంది, క్లారినెట్ దానిపైన లతలా పాకుతుంది, ట్రాంబోన్ కింద జారుతూ ఖాళీలు పూడుస్తుంది. ముగ్గురూ ఒకేసారి వాయించినా ఢీకొట్టుకోరు, ఎందుకంటే ముగ్గురికీ తలా ఒక అంతస్తు. ‘ఫ్రీ జాజ్’లో నలుగురు ఊదేవాళ్ళకి అలాంటి పంపకం లేదు. డాల్ఫీ ఒక్కడే తన వాద్యం కిందిది కాబట్టి అడుగు చోటు చూసుకున్నాడు, మిగతా ముగ్గురూ పై అంతస్తులోనే తోసుకుంటారు. దాన్ని పాతదాని పునరుద్ధరణ అనేస్తే కొత్త ఇబ్బంది కనిపించకుండా పోతుంది. వెల్డింగ్ రికార్డుకి వంశవృక్షం రాసిచ్చాడు. కొత్తదాన్ని మెచ్చుకోవాలంటే దాని తాతని వెతికి చూపించడం విమర్శలో పాత అలవాటు. మెచ్చుకోలు నిజమే కావచ్చు, కానీ అందులో సగం పెద్దల అనుమతి తెచ్చివ్వడమే.

పేరు వల్ల కూడా నష్టం జరిగింది. ‘ఫ్రీ జాజ్’ అన్న రెండు మాటలు మొత్తం ఒక సంగీత ధోరణికే పేరైపోయాయి. దాంతో ఈ రికార్డు ఆ ధోరణికి నమూనా అనుకుంటారు. 1964లో శాక్సొఫోను వాద్యకారుడు ఆల్బర్ట్ ఐలర్ చేసిన ‘స్పిరిచువల్ యూనిటీ’ పక్కన పెట్టి వినండి. అక్కడ సన్నీ మరే డ్రమ్ములు కాలు తాటించే లెక్క ఇవ్వవు, అల వచ్చిపోయినట్టు వచ్చిపోతాయి. 1965 జూన్‌లో ఇంకో శాక్సొఫోను వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్, తనతో కలిపి పదకొండు మందితో, ‘అసెన్షన్’ చేశాడు. గుంపు, సోలో, గుంపు, సోలో అన్న పథకం ఆర్నెట్ దగ్గర తీసుకున్నదే, కానీ గుంపు వాయించే చోట్లు నిమిషాలకి నిమిషాలు సాగుతాయి, గోడలు కదిలే మోత. వాటితో పోలిస్తే ‘ఫ్రీ జాజ్’ పెళ్ళికి వేసుకెళ్ళే చొక్కా వేసుకున్నట్టుంటుంది. టైనన్ దాన్నే భరించలేకపోయాడు.

టైనన్ ఆర్నెట్‌ని ఎరగనివాడు కాదు. 1960లో అదే పత్రికలో ఆర్నెట్ తొలినాళ్ళ గురించి వ్యాసం రాసినవాడు. అందుకే ఆ సున్నాని అజ్ఞానం ఖాతాలో వేయడం కుదరదు. ఏదో కాపాడుకోవాలన్న టెన్షన్ అది. 1961 నవంబరులోనే కోల్ట్రేన్, డాల్ఫీ కలిసి వాయించినది విని దానికి ‘యాంటీ జాజ్’ అని పేరుపెట్టాడు. ఆ మాట పత్రికల్లో చాలా దూరం పోయింది. 1962 ఏప్రిల్‌లో డౌన్‌బీట్ ఆ ఇద్దరినీ జవాబు చెప్పమని పిలిచింది. డాల్ఫీ పక్షుల గురించి చెప్పాడు. కాలిఫోర్నియాలో ఇంటి దగ్గర పక్షులు పాడుతుంటే వాయిస్తున్నది ఆపి వాటితో కలిపి వాయించేవాడట. మన స్వరాల మధ్య పక్షులకి ఇంకా స్వరాలున్నాయి, భారతీయ సంగీతంలోనూ అలాంటి గుణం ఉంది అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆయన బేస్ క్లారినెట్ పై స్థాయిలో చేసే కూతకి ఇంతకంటే మంచి వివరణ నేను ఎక్కడా చదవలేదు, వినాశవాది అని తిట్లు తిన్న మూడు నెలలకి ఆయనే ఇచ్చాడు.

ఇక క్షమించకూడదన్న మాటల దగ్గరికి వద్దాం. న్యూరోసిస్ (మానసిక కలత) ఎక్కడ ఆగి సైకోసిస్ (పిచ్చి) ఎక్కడ మొదలవుతుంది, జవాబు ఈ సుడిగుండంలోనే ఎక్కడో ఉండాలి అని రాశాడు టైనన్. ఎనిమిది మందిలో ఆరుగురు నల్లజాతి వాళ్ళు. రాసే కుర్చీలో కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ తెల్లవాళ్ళు. సంగీతం నచ్చకపోతే బావులేదనాలి, విసుగేసిందనాలి, అవసరమైతే తిట్టాలి. మనిషికి పిచ్చి రాసివ్వడానికి సమీక్షకుడి దగ్గర డాక్టరు లైసెన్సు లేదు. 1963లో లెరాయ్ జోన్స్, తర్వాత అమీరి బరాకా అయిన కవి, అదే డౌన్‌బీట్‌లో ఒక వ్యాసం రాశాడు. ముఖ్యమైన జాజ్ వాద్యకారుల్లో ఎక్కువమంది నల్లవాళ్ళయితే విమర్శకుల్లో ఎక్కువమంది తెల్లవాళ్ళు ఎందుకయ్యారు, దానివల్ల వాళ్ళకి ఏం వినబడకుండా పోతోంది అని దాని సారం. ఆ సంగీతం పుట్టడానికి కారణమైన మనిషి మనఃస్థితిని వదిలేసి మోగిన స్వరాల్ని మాత్రం బల్ల మీద పెట్టి కోస్తున్నారు అన్నది ఆయన ఫిర్యాదు. టైనన్ సమీక్ష దానికి వింత ఉదాహరణ. మనఃస్థితి గురించే మాట్లాడాడు, రోగం పేరుతో.

మైల్స్ కూడా అలాగే అన్నాడు కదా అంటారు. అన్నాడు. అది పోటీదారు నోటిమాట, దాని వెల దానికుంది. స్టార్లు వేసే పత్రికలో అచ్చయిన మాట క్లబ్బు యజమాని బల్ల మీదికి చేరుతుంది. ఒక్క సమీక్ష వల్లే ఆర్నెట్ బతుకు మారిపోయిందని నేననడంలేదు. తన వెల తనకి తెలుసని ఆయన ఎక్కువ డబ్బు అడిగాడు, ఇచ్చేవాళ్ళు కరువయ్యారు. 1962 డిసెంబర్ 21న, ‘ఫ్రీ జాజ్’ రికార్డయిన సరిగ్గా రెండేళ్ళకి, న్యూయార్క్ టౌన్ హాల్లో సొంత ఖర్చుతో కచేరీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత 1965 దాకా జనం ముందుకి రాలేదు. ఆ రెండేళ్ళలో ట్రంపెట్టూ వయొలినూ తనంతట తాను నేర్చుకున్నాడు. పెద్దరికం చాలా ఆలస్యంగా వచ్చింది. 2007లో ‘సౌండ్ గ్రామర్’ అనే రికార్డుకి పులిట్జర్ బహుమతి ఇచ్చారు. 2015లో పోయాడు.

పెద్దరికం వచ్చాక ‘ఫ్రీ జాజ్’కి ఇంకో రకం అన్యాయం మొదలైంది. ‘తప్పక వినాల్సినవి’ జాబితాల్లో ఉంటుంది. దానికి ఐదు స్టార్లు వేయడానికి ఇప్పుడు ధైర్యం అక్కర్లేదు, వేయకపోవడానికే కావాలి. ఆన్‌లైన్‌లో దీనిమీద రాసేవాళ్ళలో చాలామంది ‘చారిత్రకం’, ‘విప్లవాత్మకం’ అని రెండు దండలు వేసి తప్పుకుంటారు. హబర్డ్ తడబడ్డాడని గాని, బేస్ సోలోల తర్వాత ఊపు తగ్గిందని గాని, ముగ్గురు పై అంతస్తులో తోసుకున్నారని గాని ఎవరూ అనరు. అంటే విన్నవాళ్ళే అనాలి మరి. టైనన్ విన్నాడు. తప్పుగా విన్నాడు, పగపట్టి విన్నాడు, కానీ 37 నిమిషాలూ ఒళ్ళు మండేలా విన్నాడు. పక్కనున్నవాళ్ళు మెచ్చుకుంటున్నారు కదా అని తలూపేవాడి కంటే ఆయనతో వాదించడం నాకు సులువు. ఆయన దగ్గర పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇంకో చిన్న పని చేసి చూడండి. మీ ఫోన్ సెట్టింగుల్లో ఎడమ కుడి శబ్దాన్ని తూచే మీట ఉంటుంది. పూర్తిగా ఎడమకి జరిపితే ఆర్నెట్, చెర్రీ, లఫారో, హిగ్గిన్స్ దాదాపు ఒంటరిగా మిగులుతారు. వినడానికి హాయిగా ఉంటుంది, ఆర్నెట్ మామూలు నలుగురి బృందంలాగే. కుడికి జరిపితే డాల్ఫీ, హబర్డ్, హేడెన్, బ్లాక్‌వెల్. అది ఇంకాస్త నేలమీద నడిచే జట్టు. రెంటినీ విడివిడిగా విని, మీటని మళ్ళీ మధ్యకి తెస్తే, మొదటిసారి గోలగా వినబడినదాంట్లో సగం ఎవరిదో మీకు తెలిసిపోతుంది. చెర్రీ పాకెట్ ట్రంపెట్ మోత హబర్డ్‌ది కాదని ఇట్టే పోల్చుకుంటారు, సన్నగా, కాస్త బొంగురుగా. అన్నట్టు ఆ బుల్లి వాద్యం పాకిస్తాన్‌లో తయారైనది.

నన్నడిగితే ‘ఫ్రీ జాజ్’కి మూడున్నర. ఆర్నెట్ సోలో మొత్తానికీ, బేసులిద్దరికీ, బ్లాక్‌వెల్ కాళ్ళకీ కలిపి మూడు. డాల్ఫీ మొదటి ఎగబాకుడుకి అర. పోయిన ఒకటిన్నరలో ఒకటి వంతుల వరసకి, అర పేరుకి. ఇలా అంటే ఒప్పుకోనివాళ్ళకి ఇంకో మాట కూడా చెప్తాను. ఆ రోజు స్టూడియోలో పదిహేడు నిమిషాల టేక్ ఇంకొకటి కూడా చేశారు, ‘ఫస్ట్ టేక్’ అని. దాన్ని పక్కన పెట్టేశారు, 1971లో ‘ట్విన్స్’ అనే రికార్డులో బయటికి వచ్చింది. అదే వంతుల పద్ధతి, అలాంటి ద్వారబంధాలే, కానీ సోలోలు పొట్టివి కాబట్టి అందరూ కలిసే చోట్లు వెంటవెంటనే వచ్చిపడతాయి. ఒకరి వంతు పూర్తిగా కుదురుకునేలోపే ఇంకొకరు తలుపు కొడతారు. టైనన్‌కి సమీక్షకి పంపాల్సింది అదీ. నేనైతే దానికి నాలుగు వేస్తాను.